సింగపూర్‌లో ఆరు గంటలు

బాలలూ! మీరు విమానంలో ఏదో దూరదేశం పోతున్నారనుకోండి. దారిలో సింగపూర్‌లో దిగి విమానం మారాలి. రెండో విమానానికి పది గంటల వ్యవధి ఉన్నది. ప్రవేశానికి అనుమతి ఉంటే ఆరు గంటలు ఊరు చూచి రావచ్చు. రండి, వెళ్దాం!

ముందు మీ గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోండి. ఇక్కడొక వింత ఉన్నది. భూమి 15 డిగ్రీలు తిరగటానికి ఒక గంట పడుతుంది గదా! సింగపూర్ సుమారు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. ఆ లెక్కన గ్రీనిచ్ కంటె 7 గంటలు ముందుండాలి. కాని అక్కడి గడియారాలు 8 గంటలు ముందుంటాయి! అందుకే సూర్యుడు నడిమింటికి వచ్చేసరికి అక్కడ ఒంటిగంట అవుతుంది.

మెట్రో రైలెక్కి మరీనా అఖాతానికి చేరుకున్నాం. అదిగో, సింహం తల, చేప తోక ఉన్న బొమ్మ! పేరు మెర్లయన్. 1972లో నిలిపారు. ఎత్తు 8.6 మీటర్లు. సింగపూర్ అంటే సింహపురమే. మన నెల్లూరుకు కూడా పూర్వం విక్రమ సింహపురి అని పేరు.

బొమ్మ నోటి నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ పడేది సముద్రంలోకేనా? కాదు, మంచినీటి చెరువులోకి!

సముద్రపు ఒడ్డున మంచినీటి చెరువెందుకు? ఈ ద్వీపంలో ఏటా సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. హైదరాబాదులో కురిసేదానికి ఇది మూడు రెట్లు. అయినా నీటికి కటకటే. నిలువచేయటానికి చోటు లేదు. పెద్ద నదులు లేవు. అందుచేత పొరుగున ఉన్న మలేషియా నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చుకుంటున్నారు. 1942లో యుద్ధకాలంలో వంతెన దారిని పేల్చివేసినప్పుడు ఆ గొట్టాలు తెగిపోయాయి. 1963లో వానలు లేక నీటిని వంతులవారీగా ఇవ్వవలసి వచ్చింది. ఇప్పుడున్న ఒప్పందం 2061తో ముగుస్తుంది. ఆ తరువాత ఎలా?

అందుకే ముందుగా మురికి కూపంగా ఉన్న సింగపూర్ నదిని 1977 నుంచి పదేళ్ళపాటు శ్రమించి శుభ్రం చేశారు. తరువాత సముద్రపు మొగలో 350 మీటర్ల పొడవున ఆనకట్ట కట్టారు. అది 2008లో ప్రారంభమైంది. దానికి తొమ్మిది ఇనుప తలుపులున్నాయి. భారీ వాన వచ్చినప్పుడు సముద్రం పాటు మీద ఉంటే తలుపులు తెరచి ఎక్కువ నీటిని వదులుతారు. పోటు మీద ఉంటే తలుపులు తెరవరు. తెరిస్తే సముద్రమే లోపలికి వస్తుంది! అప్పుడు పెద్ద పంపులతో నీటిని బయటకు తోడిపోస్తారు. లోపలి ఉప్పునీటిని వాననీరే క్రమంగా నెట్టివేసి, చెరువు మంచినీటిదైంది.

ఇంకో ఉపాయం కూడా ఉన్నది. వాడిన నీటినే శుద్ధిచేసి మళ్ళీ వాడుతున్నారు. దీనిని 'న్యూవాటర్' అంటారు. 2003లో మొదలైంది. ఎండు ద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. పలుచని నీరు పొరగుండా చిక్కని రసం వైపు పోవటమే దీనికి కారణం. ఇది ద్రవాభిసరణం. చిక్కని వైపున గట్టిగా ఒత్తిడి పెడితే నీరు వెనుకకు మళ్ళుతుంది. మలినాలు పొరకు ఇవతలే ఆగిపోతాయి. మన ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రంలో జరిగేదీ ఇదే. ఆపైన అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపుతారు. ఇందులో ఎక్కువ భాగం కర్మాగారాలకు పోతుంది; కొంత చెరువులలో కలుస్తుంది.

అరె, విమానానికి వేళయింది! దారిలో ఈ లెక్క చేయండి. హైదరాబాదులో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడే నీరెంత? 80,000 లీటర్లు! అదంతా ఎక్కడికి పోతున్నదో ఇంటికి వెళ్ళాక మీ డాబా గొట్టం వెంట నడిచి చూడండి.