ఫైళ్ల ఇల్లు మార్చుట

కంప్యూటరు డిస్కులో ఫైళ్లు కుప్పగా పడియుండవు. ఇంటిలో ధాన్యమునకు గాదె, బట్టలకు పెట్టె యున్నట్లే ఒక్కొక్క జాతి ఫైళ్లకు ఒక్కొక్క అర కలదు. ఆ అమరిక స్థిరపడిన పిమ్మట దానిని మార్చుట ఎంత ప్రయాసమో డెబియన్ చరిత్రవలన తెలియును. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన ఈ లినక్స్ వ్యవస్థను నానాదేశముల స్వచ్ఛంద సేవకులు నడుపుచున్నారు.

చిక్కునకు మూలము అంతకంటె పాతది. 1970 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ వ్యవస్థను నిర్మించుచుండిరి. నాటి డిస్కులు మిక్కిలి చిన్నవి. మొదటిది నిండిపోగా కొన్ని ప్రోగ్రాములు రెండవ డిస్కునకు చేరెను. వాడుకదారుల ఫైళ్లుండుటచే దానికి ‘యూజర్’ అని పేరు. అందుచే ప్రోగ్రాములుంచు ‘బిన్’ అను అర మొదటి డిస్కుపై ఒకటియు, యూజర్ లోపల ఒకటియు ఏర్పడెను. యంత్రము మేల్కొని రెండవ డిస్కును తగిలించుకొనువఱకు వలయునవి మొదటిదానియందే యుండవలెను. చోటు చాలక చేసిన సర్దుబాటు కాలక్రమమున ఆచారమై, తరువాతివారికి సిద్ధాంతమువలె కానవచ్చెను!

నేటి డిస్కులకు ఆ యిఱుకు లేదు. వ్యవస్థ యంతయు యూజర్‌లోనే యున్నచో దానిని మొత్తముగా నకలు తీయవచ్చును. ఎవ్వరును మార్చకుండ చదువుటకు మాత్రమే తెఱచి యుంచవచ్చును. 2012లో ఫెడోరా 17 ఈ మార్పు చేసెను. పాత బిన్‌ను తీసి, అచ్చట క్రొత్త బిన్‌నకు దారిచూపు లింకు నుంచుటతో పాత చిరునామాయు చెల్లెను.

డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలనెడు మూటలుగా వచ్చును. ఏ మూట ఏ ఫైలును ఎచ్చట నుంచెనో డీపీకేజీ అను ప్రోగ్రాము చిట్టా వ్రాసికొనును. అది చిరునామాను మాత్రమే చూచును. లింకు వెంట పోదు. ఒకే యింటికి వీధివైపు ఒక నంబరు, సందువైపు ఒక నంబరు ఉన్నదనుకొనుడు. దస్త్రములో అవి రెండిండ్లు. పాత నంబరు ఇంటిని పడగొట్టుడని ఉత్తరువు వచ్చినచో కూలునది ఆ యొక్క యిల్లే గదా! ఒక ఫైలు క్రొత్త బిన్‌నకును, అదే సమయమున మఱొక మూటకును మారినదనుకొనుడు. క్రొత్త మూట దానిని క్రొత్త చిరునామాలో నుంచును. పిదప పాత మూటను సవరించునపుడు, పాత చిరునామాలోని ఫైలు అక్కఱలేదని డీపీకేజీ చెఱిపివేయును. చెఱిగినది క్రొత్త ఫైలే. హెచ్చరిక రాదు. యంత్రము మేల్కొనుటకు వలయు ఫైలే అట్లు పోయినచో మఱునాడు యంత్రము లేవదు.

ముందు డీపీకేజీని సవరింపుడని కొందఱు, ఒక్కొక్క ప్యాకేజియే తన ఫైళ్లను తరలించుకొనవలెనని కొందఱు వాదించిరి. వివాదము సాంకేతిక సంఘమువఱకు పోయెను. ఆ సంఘము ఫైళ్ల తరలింపును కొంతకాలము నిలిపివేసెను. 2019లో డెబియన్ 10 నుండి క్రొత్త యంత్రములందు లింకుల పద్ధతి వచ్చెను. 2023లో డెబియన్ 12 నాటికి అందఱికిని తప్పనిసరి అయ్యెను. పిమ్మట అపాయమున్న ప్యాకేజీలను వెదకి, రక్షణలు కల్పించి, ఒక్కొక్కదానిని తరలించుచు 2025లో వెలువడిన డెబియన్ 13 నాటికి ఆ పనిని దాదాపుగా ముగించిరి.

ఈ యాలస్యము చేతగానితనము కాదు. పనిచేయుచున్న యంత్రముపైననే మూటలను ఒక్కొక్కటిగా మార్చుకొనవచ్చునని డెబియన్ తన వాడుకదారులకు మాట యిచ్చినది. ఆ మాటకే యిన్ని యేండ్లు చెల్లించినది.

పాత బిన్ ఉన్నచోట లింకు నేటికిని నిలిచియున్నది. ఆ చిరునామాను తమలో వ్రాసికొనిన ప్రోగ్రాములు లోకమున లెక్కకు మిక్కిలిగా నున్నవి.