బొర్రా మీద మన బరువు

పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కితే సొరంగం వెనక సొరంగం. బొర్రా గుహలు స్టేషన్ రాగానే పెట్టెలు సగం ఖాళీ. ఈ దారి పర్యాటకుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్‌కు చేర్చడానికి 1960లలో ఆ దేశం సాయంతో వేశారు. ఖనిజం బండ్లు నేటికీ ఆ కొండల మీదుగానే నడుస్తున్నాయి.

మెట్లు దిగి లోపలికి వెళ్తే గైడు టార్చి వేసి చూపిస్తాడు: అదిగో శివపార్వతులు, ఇదిగో రుషి గడ్డం, అల్లదిగో మొసలి. పిల్లలు కేరింతలు కొడతారు. నేను మాత్రం రాయిని చూడమంటాను. చేతికందే ఎత్తులో నల్లబడి, నున్నబడి, జిడ్డుగా మెరుస్తుంది. చెయ్యి చేరని చోట అదే రాయి లేతరంగులో గరుగ్గా ఉంటుంది. కొస్సన ఒక నీటిబొట్టు జారనా వద్దా అన్నట్టు వేలాడుతుంటుంది.

ఆ బొట్టులోనే ఉంది గుహ కథంతా. మట్టిలోంచి ఇంకే వాననీరు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. కప్పున బొట్టై నిలిచినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. జనం కిక్కిరిసి లోపలి గాలి వాళ్ల ఊపిరితో బరువెక్కితే బొట్టులోని వాయువు బయటపడదు, పేరుకోవడం మందగిస్తుంది. చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగా పట్టదు. దీపాల వెలుగు సోకిన తడిరాయి మీద నాచు పుడుతుంది. ఫ్రాన్స్‌లో వేల ఏళ్లనాటి బొమ్మలున్న లాస్కో సున్నపురాతి గుహను 1948లో జనానికి తెరిచి, 1963లో మూసేయాల్సి వచ్చింది. సందర్శకుల ఊపిరి, దీపాలు, నాచు అక్కడ తెచ్చిన చేటు అది.

అలాగని బొర్రాకు తాళం వెయ్యమనను. పర్యాటకం లేకపోతే ఆ కొండకు పొంచి ఉన్న ముప్పు గని. ఉక్కు తయారీకి సున్నపురాయి కావాలి. మన విశాఖ ఉక్కు కర్మాగారం అందుకోసం జగ్గయ్యపేటలో సొంత గని పెట్టుకుంది. బొర్రా రాయి మీదా చాలామంది కన్నుపడింది. అనంతగిరి మండలంలోని ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులపై ఆదివాసుల తరఫున ‘సమత’ సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 జూలై 11న తీర్పొచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదు. దేశమంతా ఆదివాసులు తలుచుకునే ఆ తీర్పు పుట్టింది ఈ గుహల చుట్టూ ఉన్న పల్లెల్లోనే. టికెట్ కౌంటర్ దగ్గర ఆ సంగతి పెద్దక్షరాలతో రాసిపెట్టాలి.

తవ్విన కొండ తిరిగి రాదు. చూడ్డానికొచ్చేవాళ్లు ఉంటే గైడుకు పనుంటుంది, బొంగులో చికెన్ కాల్చే అమ్మకు నాలుగు డబ్బులొస్తాయి, అరకు కాఫీకి గిరాకీ ఉంటుంది. కాకపోతే ఆ వచ్చేదంతా కార్తీక వనభోజనాలకూ సంక్రాంతి సెలవులకూ ఒక్కసారే విరుచుకుపడుతుంది. ఘాట్‌రోడ్డులో కార్లు బారులు తీరతాయి. ప్లాస్టిక్ గ్లాసులు వాగుల్లో చేరతాయి. గోస్తనీ పుట్టేది ఈ కొండల్లోనే. అది తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ జలాశయం నీళ్లే విశాఖ కుళాయిల్లోకీ వస్తాయి. అంటే అక్కడ పారేసింది మన బిందెలోకే రావచ్చు.

నంద్యాల జిల్లా బెలుం గుహలు 2002లో జనానికి తెరుచుకున్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహలో సగం మేర మాత్రమే సందర్శకులను రానిస్తారు. మిగతాది చీకటికే వదిలేశారు. బొర్రాలోనూ అలాంటి హద్దు ఉండాలి. ఒక్కో గంటకు ఇంతమందేనని టికెట్లు ముందే అమ్మాలి. వేడి పుట్టించని దీపాలు పెట్టి, మనుషులు లేనప్పుడు ఆర్పెయ్యాలి. రాయికి చెయ్యి అందనంత దూరంలో కంచె వెయ్యాలి.

ఇక డబ్బు సంగతి. చట్టానికి లోబడి సాగే గనుల నికర లాభంలోనూ కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని సమత తీర్పు చెప్పింది. గని లాభానికి వర్తించిన న్యాయం గుహ టికెట్టుకు ఎందుకు వర్తించకూడదు? రోజుకెంత వసూలైంది, అందులో బొర్రా పంచాయతీకి ఎంత చేరింది, బడికీ మంచినీళ్లకూ ఎంత పెట్టారు అన్న లెక్కను ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.