మాంగోలో వీధి పిల్లులెన్ని? లెక్క తేల్చేదెలా?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నదిపై వంతెన దాటితే మాంగో వస్తుంది. చీకటి పడ్డాక అక్కడి ఆజాద్ నగర్ సందుల్లో అరగంట నడిచి, పది పిల్లుల్ని చూశామనుకుందాం. అక్కడ ఉన్నవి పదేనా?

మన పశుగణనలో వీధికుక్కల లెక్క ఉంటుంది. 2019లో అవి సుమారు 1.53 కోట్లు. పిల్లులకు మాత్రం ఆ లెక్కలో చోటు లేదు. రేబిస్ సోకితే పిల్లి కాటు కూడా ప్రాణాంతకమే. టీకాలు వేయాలన్నా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్నా అవి ఎక్కడ, ఎన్ని ఉన్నాయో ముందు తెలియాలి.

ఇందుకు ఒక సులువైన పద్ధతి ఉంది. పిల్లి ఒంటిమీది మచ్చలు, చారలే దాని గుర్తింపు కార్డు. మొదటి రాత్రి 20 పిల్లుల్ని ఫొటో తీశాం. కొన్ని రోజులకు అదే దారిలో 24 కనిపించాయి. వాటిలో 8 పాతవే. అంటే రెండోసారి చూసినవాటిలో మూడో వంతు మనకు ముందే తెలుసు. కాబట్టి మొదట చూసిన 20 కూడా మొత్తంలో మూడో వంతే అనుకోవచ్చు. అంచనా 60. ఈలోగా పిల్లులు వచ్చిపోకపోతేనే, అన్నీ ఒకేలా కంటపడితేనే ఈ లెక్క నిలుస్తుంది.

రెండో పద్ధతిలో ప్రతి పిల్లి మన దారికి ఎంత దూరంలో ఉందో రాసుకుంటాం. పక్కనే ఉన్నది తప్పక కనిపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ గోడల చాటున ఉన్నవి తప్పిపోతాయి. ఆ తగ్గుదలను బట్టి మనం చూడలేకపోయినవెన్నో అంచనా వేయవచ్చు. కెనడాలోని గ్వెల్ఫ్ నగరంలో ఇలా లెక్కించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఇళ్లు దట్టంగా ఉన్నచోట పిల్లులు ఎక్కువగా, అడవి దగ్గర తక్కువగా ఉన్నాయని తేలింది. ఒకవైపు కిక్కిరిసిన బస్తీలు, ఉత్తరాన దల్మా అడవులు ఉన్న మాంగోలోనూ అంతేనా? లెక్కించి చూస్తేగానీ చెప్పలేం.

వీధిలో కనిపించిన ప్రతి పిల్లీ దిక్కులేనిది కాదు. అందుకే 2018 నుంచి 2021 వరకు వాషింగ్టన్‌లో జరిగిన గణనలో కెమెరాలతో పాటు ఇంటింటి సమాచారాన్నీ కలిపారు. మొత్తం పిల్లులు సుమారు 2 లక్షలని అంచనా వేశారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ వెతకాలన్నది. ఫిర్యాదులు వచ్చిన వీధులనే గుర్తిస్తే, ఆ పటం పిల్లులెక్కడున్నాయో కాదు, ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కడున్నారో చెబుతుంది. మాంగో పటాన్ని సమానమైన గడులుగా విభజించి, ఏ గడుల్లో నడవాలో లాటరీ తీయాలి. ఒక్క పిల్లీ కనిపించని గడిని కూడా సున్నాగా నమోదు చేయాలి. టీకా ఏ సందుకు ముందు చేరాలో తేల్చడంలో ఆ సున్నాలకూ విలువ ఉంది.