ద్రవ ఆర్గాన్ న్యూట్రినో శోధకాలు: శుద్ధతా సమస్య

1. ఉపోద్ఘాతం

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. పదార్థంతో అది చర్య జరపడం అత్యంత అరుదు. అందువల్ల అది పరమాణు కేంద్రకాన్ని తాకినప్పుడు వెలువడే ఆవేశిత కణాల జాడల ద్వారానే దాన్ని గుర్తించాలి. ఈ జాడల నమోదుకు ద్రవ ఆర్గాన్‌ను వినియోగించవచ్చని 1977లో కార్లో రుబ్బియా ప్రతిపాదించారు. అది భారీ శోధకాలుగా రూపొందడానికి దశాబ్దాలు పట్టింది. అందుకు ఒక ముఖ్య కారణమైన శుద్ధతా సమస్యను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పనిచేసే విధానం

ఆర్గాన్ జడవాయువు. సుమారు −186 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవమవుతుంది. ఆవేశిత కణం ఆ ద్రవంలో ప్రయాణించినప్పుడు పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడతాయి. సెంటీమీటరుకు 500 వోల్టుల విద్యుత్ క్షేత్రంలో అవి సెకనుకు సుమారు 1.6 కిలోమీటర్ల వేగంతో తీగల వరుసలను చేరుతాయి. ఏ తీగపై, ఎంత ఆలస్యంగా సంకేతం వచ్చిందన్న వివరాలతో కణమార్గపు త్రిమితీయ చిత్రం ఏర్పడుతుంది.

3. శుద్ధతా సమస్య

ఆర్గాన్ ఎలక్ట్రాన్లను పట్టి ఉంచదు. అందులో కలిసిన ఆక్సిజన్ పట్టి ఉంచుతుంది. వంద కోట్ల పరమాణువులకు ఒక ఆక్సిజన్ అణువు ఉన్నా, ఎలక్ట్రాన్లు సగటున అర మీటరు మాత్రమే సాగుతాయి. వెయ్యి కోట్లకు ఒకటి అయితే సుమారు 5 మీటర్లు సాగగలవు. కాబట్టి శోధకం ఎంత పెద్దదిగా ఉండవచ్చో శుద్ధతే నిర్ణయిస్తుంది. ఇందుకోసం ఆర్గాన్‌ను నిరంతరం వడపోస్తారు: రాగి ఆక్సిజన్‌ను, అణుజల్లెడ నీటిని తొలగిస్తాయి.

ఇటలీలోని గ్రాన్ సాసోలో 2010లో పని ప్రారంభించిన 760 టన్నుల ఇకారస్ శోధకంలో, ముందుగా పాత్రలోని గాలిని తోడివేసి ఆర్గాన్ నింపారు. అంతకన్నా ఎంతో పెద్ద పాత్రలను శూన్యం చేస్తే, అవి బయటి గాలి పీడనాన్ని తట్టుకోవడం కష్టం. ఫెర్మీల్యాబ్‌లో 2015లో పని ప్రారంభించిన 170 టన్నుల మైక్రోబూన్‌లో ఆర్గాన్ వాయువుతోనే గాలిని వెళ్లగొట్టి, అవసరమైన శుద్ధతను సాధించారు.

4. ప్రయోజనం

అంతకుముందు మినీబూన్ ప్రయోగంలో అంచనాకు మించిన సంకేతాలు కనిపించాయి. అవి ఎలక్ట్రాన్లవో ఫోటాన్లవో ఆ శోధకం తేల్చలేకపోయింది. ద్రవ ఆర్గాన్‌లో ఫోటాన్ కొంత దూరం జాడ లేకుండా సాగి, తరువాత ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటగా మారుతుంది. జాడ మొదట్లోని ఆ ఖాళీ, రెట్టింపు ఆవేశ సాంద్రత రెండింటినీ వేరుచేస్తాయి. ఎలక్ట్రాన్ న్యూట్రినోల ఆధిక్యమే కారణమన్న వివరణకు 2021 నాటి మైక్రోబూన్ ఫలితాలు మద్దతు ఇవ్వలేదు.

5. ముగింపు

దక్షిణ డకోటాలో సుమారు 1.5 కిలోమీటర్ల లోతున డ్యూన్ ప్రయోగానికి ఒక్కొక్కటి 17,000 టన్నుల ఆర్గాన్ పట్టే పాత్రలను రూపొందిస్తున్నారు. మొదటి రూపకల్పనలో ఎలక్ట్రాన్లు 3.5 మీటర్ల వరకు ప్రయాణించాలి. న్యూట్రినోలకు, ప్రతిన్యూట్రినోలకు మధ్య ప్రవర్తనా భేదం ఉందా అన్న ఆ ప్రయోగపు మౌలిక ప్రశ్నకు సమాధానం, ఆ 3.5 మీటర్ల ద్రవాన్ని ఎంత నిర్మలంగా ఉంచగలమన్న దానిపై కూడా ఆధారపడి ఉంది.