యాన్యువల్ డే నాటి ఏడుపు అట్ట మీదికి వస్తే...



యాన్యువల్ డే అయిన వారానికి కొన్ని ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "నేనిక డాన్సుకి వెళ్లను." స్టెప్పు మర్చిపోవడం, పాట మధ్యలో గొంతు ఆగిపోవడం, ముందు వరుసలో ఎవరో నవ్వడం. మనకది రెండు నిమిషాల సరదా వీడియో. ఏడేళ్ల పిల్లకి మాత్రం సరదా కాదు.

ఏమైందని ఎంత అడిగినా చాలామంది పిల్లలు చెప్పరు. అది మొండితనం కాదు. భయపడిన క్షణం వాళ్లకి వరుస కథలా గుర్తుండకపోవచ్చు. మైకు కీచుమనడం, కళ్లలో పడిన లైటు, మేకప్ మీద కారిన చెమట, ఇలా ముక్కలుగా ఉండిపోతుంది. ముక్కల్ని ముక్కలుగానే పెట్టుకోనిచ్చే కళ మిక్స్‌డ్ మీడియా. కాగితం, గుడ్డ, దారం, ఫోటో, రంగు అన్నీ ఒకే అట్ట మీద కలుస్తాయి. 1912లో పికాసో తన చిత్రం మీద పేము అల్లిక అచ్చు ఉన్న ఆయిల్‌క్లాత్ అతికించి, చుట్టూ తాడు బిగించాడు. బొమ్మ గీయడం రాదనుకునే పిల్లలకి ఇది చాలా ధైర్యమిచ్చే పద్ధతి.

ఇక్కడొక పాత ఉదాహరణ చెప్పాలి. 1881లో పారిస్‌లో డెగా అనే కళాకారుడు పద్నాలుగేళ్ల నాట్య విద్యార్థిని బొమ్మను మైనంతో చేసి ప్రదర్శించాడు. దానికి నిజమైన గుడ్డ గౌను, జుట్టు, రిబ్బను పెట్టాడు. మోడల్‌గా నిలబడింది పారిస్ ఒపెరాలో శిక్షణ పొందుతున్న మేరీ అనే పేదింటి పిల్ల. కొందరు విమర్శకులు ఆ ముఖాన్ని కోతితో పోల్చారు. ఈరోజు ఆ బొమ్మ జగత్ప్రసిద్ధం. కానీ తన నాట్యం గురించి, తన అలసట గురించి మేరీ ఏమనుకుందో ఆ బొమ్మ చెప్పదు. అది ఆమె చేసింది కాదు మరి. మీ ఇంట్లో కత్తెర ఎవరి చేతిలో ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

సామగ్రికి కొరత లేదు. ఆ రోజు ఇన్విటేషన్ కార్డు, కాస్ట్యూమ్ నుంచి ఊడిన జరీ, తెగిన గజ్జెల తాడు, ఫోటోకి జిరాక్సు కాపీ (అసలు ఫోటో వద్దు, తర్వాత బాధపడతారు). మన ఏలూరు తివాచీలకి వాడే రకం ఉన్ని పోగులు దొరికితే జుట్టుకి, జడకి బాగుంటాయి. తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయలొచ్చిన సంచిని స్టేజీ తెరగా వేలాడదీయవచ్చు. కొల్లేరు వైపు నుంచి తుంగ తెస్తే బాగా ఎండబెట్టండి, పచ్చిది అతికిస్తే బూజు పడుతుంది.

ముందు అట్టంతా ఆ రోజు రంగు వేయమనండి. నలుపే వేస్తే వేయనివ్వండి. తర్వాత ఏది ఎక్కడ అతికించాలో వాళ్ల ఇష్టం. జనాన్ని బొటనవేలంత చేసి తనని పెద్దగా పెట్టుకోవచ్చు. అసలు తనని పెట్టుకోకపోవచ్చు. అతికించినదాన్ని చింపేసి, దానిమీద ఇంకో కాగితం కప్పవచ్చు. స్టేజీ మీద ఏదీ తన చేతిలో లేదు, ఇక్కడ ప్రతిదీ తన చేతిలోనే ఉంటుంది. "ఇదేంటి, ఇలా వేశావేం?" అనకండి. "ఈ గుడ్డ ఇక్కడెందుకు పెట్టాలనిపించింది?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. జవాబు రాకపోయినా సరే.

ఒక్క ఆదివారంలో అయిపోవాలని లేదు. చిత్రకారుడు తోట వైకుంఠం గారు చిన్నప్పుడు తమ ఊరు బూరుగుపల్లికి వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను మురిపెంగా చూసేవారు. చూసిన వేదికే ఒక పిల్లవాడి మనసులో అలా నిలిచిపోతే, నిలబడి వణికిన వేదిక సంగతి చెప్పాలా?

అయితే ఇది వైద్యం కాదు. కొన్ని వారాలు గడిచినా నిద్రలో ఉలిక్కిపడటం, స్కూలంటేనే కడుపునొప్పి రావడం తగ్గకపోతే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి.

పూర్తయిన బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు బిడ్డని అడగండి. ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి పంపమని మేం అడిగినా సరే, ముందు బిడ్డనే అడగండి. వద్దంటే వద్దు. బీరువా వెనక దాచమంటే అక్కడే దాచండి. పనిలో పనిగా, ఫ్యామిలీ గ్రూపులో ఉన్న ఆ రెండు నిమిషాల వీడియో ఉంచాలా తీసేయాలా అనేది కూడా తననే అడగండి.