ఈ-పుస్తకం: చదువు మనది, హక్కు ఎవరిది?

ఈ-రీడర్ మంచిదా, కాగితం పుస్తకం మంచిదా అన్న చర్చ చాలావరకు కంటి అలసట దగ్గర మొదలై కాగితం వాసన దగ్గర ముగుస్తుంది. పాఠకుడి మీద ఎక్కువ కాలం ప్రభావం చూపే అంశం మాత్రం వేరే చోట ఉంది. ఈ-పుస్తకం కొనేటప్పుడు చాలామంది చదవకుండానే ఒప్పుకునే వాడుక నిబంధనల పత్రంలో అది దొరుకుతుంది. చదివే సాధనంగా ఈ-రీడర్ మనసారా మెచ్చుకోదగినదే అయినా, అందులో చేరే పుస్తకం మీద పాఠకుడికి దక్కే హక్కు ఎంత పరిమితమో ఆ పత్రం స్పష్టంగా చెబుతుంది.

తెర చేసే మేలు

ఫోను, ట్యాబ్లెట్ తెరలు వెలుగును నేరుగా కంటిలోకి పంపుతాయి. ఈ-రీడర్‌లోని ఈ-ఇంక్ తెర, అంటే విద్యుత్ సిరాతో పనిచేసే తెర, బయటి వెలుతురును కాగితంలాగే ప్రతిఫలిస్తుంది. ఇంచుమించు వెంట్రుక మందం ఉండే సూక్ష్మ గుళికల్లో తేట ద్రవమూ, అందులో వ్యతిరేక విద్యుదావేశాలు గల నల్లని, తెల్లని రేణువులూ ఉంటాయి. విద్యుత్ క్షేత్రం మారినప్పుడు ఏ రేణువులు పైకి వస్తే ఆ చోట ఆ రంగు కనిపిస్తుంది. ఒకసారి కుదురుకున్న రేణువులు కరెంటు లేకపోయినా అక్కడే నిలుస్తాయి కనుక పేజీ మార్చడానికి తప్ప అక్షరాలను నిలిపి ఉంచడానికి విద్యుత్తు అక్కర్లేదు. అందుకే ఒక చార్జింగు వారాల తరబడి వస్తుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ అక్షరం చెదరదు. 2022లో వచ్చిన ఆరు అంగుళాల అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ బరువు 158 గ్రాములు మాత్రమే కాగా, అందులో వేల పుస్తకాలు ఇముడుతాయి. చత్వారం వచ్చినవారు అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు, ఫోనులోలాగా మధ్యమధ్య సందేశాలు వచ్చి చదువుకు అడ్డుపడవు. లోపాలూ లేకపోలేదు. తెర నెమ్మదిగా మారుతుంది, పాత పేజీ నీడ ఒక్కోసారి మిగిలిపోతుంది, పటాలు, పట్టికలు నిండిన పుస్తకాలకు చిన్న తెర చాలదు, వెనక్కి వెళ్లి ఒక మాట వెతుక్కోవడం కాగితం మీద ఉన్నంత సులువుగా ఉండదు.

చరిత్ర క్లుప్తంగా

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధనల నుంచి 1997లో ఈ-ఇంక్ సంస్థ పుట్టింది; ఆ తెరతో సోనీ 2004లో జపాన్‌లో లిబ్రియే పరికరాన్ని విడుదల చేసింది; 2007 నవంబరులో అమెజాన్ 399 డాలర్ల ధరకు తెచ్చిన కిండిల్ గంటల్లోనే అమ్ముడుపోయింది; భారత విపణికి అది 2012లో చేరింది.

నిబంధనల పత్రం ఏమంటుంది?

కిండిల్ స్టోరు వాడుక నిబంధనల సారాంశం ఇది: ఈ-పుస్తకాన్ని పాఠకుడికి అమ్మడం లేదు, లైసెన్సుగా, అంటే షరతులతో కూడిన వాడుక అనుమతిగా ఇస్తున్నారు. ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు గానీ అనుమతించిన పరికరంలో లేదా యాప్‌లోనే, సొంత వాడుకకు మాత్రమే చదవాలి. తిరిగి అమ్మడానికీ, అద్దెకివ్వడానికీ, హక్కును మరొకరికి బదిలీ చేయడానికీ వీల్లేదు.

దీనికి భిన్నంగా అచ్చు పుస్తకం విషయంలో న్యాయవ్యవస్థ కొనుగోలుదారు పక్షాన నిలిచింది. ఒకసారి అమ్మిన ప్రతి మీద ప్రచురణకర్తకు పంపిణీ హక్కు ముగుస్తుందనే 'తొలి అమ్మకం' సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే స్థిరపరిచింది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలూ, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాల్లోని దొంతరలూ ఒక పాఠకుడి నుంచి మరొకరికి స్వేచ్ఛగా చేరుతున్నది కొన్న ప్రతి మీద ఇలాంటి హక్కు ఉండడం వల్లనే. ఈ-పుస్తకాలకు ఆ వెసులుబాటు లేదని, హక్కుదారు అనుమతి లేకుండా వాటిని పాత పుస్తకాలుగా మళ్లీ అమ్మరాదని ఐరోపా న్యాయస్థానం 2019 డిసెంబరులో తీర్పునిచ్చింది.

లైసెన్సు ఆచరణలో ఎలా పనిచేస్తుందో 2009 జూలైలో లోకానికి తెలిసింది. జార్జ్ ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫామ్'లను అమెరికాలో అమ్మే హక్కు లేని ఒక సంస్థ కిండిల్ స్టోరులో పెట్టగా, ఆ విషయం బయటపడిన వెంటనే అమెజాన్ డబ్బు వాపసు చేసి, పాఠకుల పరికరాల్లో అప్పటికే చేరిన ప్రతులను దూరం నుంచే తొలగించింది. చదువు కోసం వాటిలో వివరణలు రాసుకున్న ఒక విద్యార్థికి ఆ రాతలు ఏ వాక్యానికి సంబంధించినవో తెలియని స్థితి ఏర్పడింది. దావా నడిచింది, అమెజాన్ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 1,50,000 డాలర్లతో రాజీ కుదిరింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ మాయమయ్యాయి. ధర తిరిగి ఇచ్చారు, పేజీల్లో గుర్తులు పెట్టుకున్నవారికి అదనంగా 25 డాలర్లు జమ చేశారు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని యూఎస్‌బీ తీగతో కిండిల్‌లోకి ఎక్కించే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న నిలిపివేసింది.

ఈ ఉదంతాల్లో డబ్బు నష్టం కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. అంచుల్లో రాసుకున్న మాటలతో సహా ఒక పుస్తకం తరం నుంచి తరానికి చేరడమే ఇంటి గ్రంథాలయానికి ప్రాణం కాగా, లైసెన్సు ఆ గొలుసును పాఠకుడి దగ్గరే తెంచివేస్తుంది.

తెలుగు పాఠకుడి ఇబ్బంది

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో అయిదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చోటు సంపాదించుకున్నాయి, తెలుగుకు ఆ చోటు దక్కలేదు. కినిగె వంటి తెలుగు ఈ-పుస్తక వేదికలు అంతకు ముందే వచ్చినా, అందుబాటులో ఉన్న పాత సాహిత్యంలో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. పీడీఎఫ్ అంటే పేజీని బొమ్మలాగా స్థిరంగా ఉంచే ఫైలు. అయిదున్నర, ఎనిమిదిన్నర అంగుళాల డెమీ పేజీని ఆరంగుళాల తెరలో ఇమిడిస్తే 12 పాయింట్ల అక్షరం ఏడు పాయింట్లకు లోపే కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ మాత్రం ఇరుకును తట్టుకోగలదేమో గానీ, 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద చేరే ట, ర ఒత్తులు రెండూ ఆ పరిమాణంలో మసకబారి ఒక మచ్చలా కలిసిపోతాయి. ఈపబ్ ఫైలులో తెర వెడల్పును బట్టి పంక్తులు తమంతట తాము సర్దుకుంటాయి కనుక తెలుగుకు తగినది అదే.

[బాక్సు] జ్ఞాపకంలో ఏది నిలుస్తుంది?
నార్వే పరిశోధకురాలు ఆన్ మాంగెన్, సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 50 మంది 28 పేజీల అపరాధ కథను సగం మంది కాగితం మీద, సగం మంది కిండిల్‌లో చదివారు. చాలా పరీక్షల్లో తేడా కనబడలేదు. సంఘటనల వరుసను, కాలక్రమాన్ని గుర్తుపట్టడంలో మాత్రం కాగితం మీద చదివినవారు మెరుగ్గా ఉన్నారు.

[బాక్సు] పన్ను తేడా
అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకాల మీద పన్నును 2018 జూలైలో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

[బాక్సు] కొనే ముందు
దుకాణంలోనే ఒక తెలుగు ఈపబ్ ఫైలు తెరిపించి ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తున్నాయో లేదో చూసుకోవాలి. తెలుగు వికీసోర్సులోని కాపీహక్కు తీరిన పుస్తకాలను ఈపబ్ రూపంలో ఉచితంగా దించుకోవచ్చు.

ప్రయాణాల్లో చదివేవారికీ, చూపు మందగించినవారికీ, నవలలు విరివిగా చదివేవారికీ ఈ-రీడర్ కొనదగినదే. పదే పదే తిరగేసే పుస్తకాన్ని, పిల్లలకు అందించదలచిన పుస్తకాన్ని మాత్రం అచ్చులో కొనడమే మేలు. తెలుగు ప్రచురణకర్తలు తమ పుస్తకాలను నకలు తీయనివ్వని డిజిటల్ తాళాలు వేయకుండా, యూనికోడ్ ఈపబ్‌లుగా, పాఠకుడు శాశ్వతంగా దాచుకునే వీలుతో అమ్మాలి. పాఠకులు కూడా అలా అమ్మేవారి దగ్గరే కొని వారిని నిలబెట్టాలి.