గురి తప్పే కెమెరా – దిద్దుకొనే విధానం

మాంగల్యధారణ క్షణం రెండోసారి రాదు. తీరా ఫొటో చూస్తే పెళ్లికూతురి చెవి జూకాలు స్పష్టంగానూ, కళ్లు మసకగానూ పడితే ఏం లాభం? చెయ్యి వణికిందని కొందరు, లెన్సు చెడిందని కొందరు అనేస్తారు. ఒక్కొక్కప్పుడు తప్పు ఆ రెండింటిదీ కాదు. కెమెరాకూ లెన్సుకూ జత కుదరలేదన్న మాట.

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుగు ఒక అద్దం మీద పడుతుంది. ఎక్కువ భాగం పైకి, మన కంటికి పోతుంది. కొంత మాత్రం అద్దంలోంచి దూరి, వెనకనున్న చిన్న అద్దం మీద పడి, అడుగునున్న ఫోకస్ సెన్సారుకు చేరుతుంది. ఫోకస్ కుదిరిందో లేదో తేల్చేది ఇదే. బొమ్మ పడేది మాత్రం వేరొక సెన్సారు మీద! ఈ రెండు దారుల పొడవూ సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా గురి ముందుకో వెనక్కో జరుగుతుంది.

అంత చిన్న తేడాకు ఇంత గొడవెందుకు అంటారా? ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 85 మి.మీ. లెన్సు తగిలించి, ఎఫ్/1.8 వద్ద 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా పడే లోతు మొత్తం సుమారు 6 సెం.మీ. మాత్రమే. కంటికీ చెవికీ మధ్య అంతకంటె ఎక్కువే ఉంటుంది.

స్క్రూగేజిలో జీరో ఎర్రరు ఉంటే దాన్ని పారేయం కదా! తేడా కనుక్కొని దిద్దుబాటు చేస్తాం. ఇదీ అంతే. కానన్ 1డి మార్క్ 3, నికాన్ డి3, డి300 కెమెరాలు 2007లో ఈ సదుపాయాన్ని మెనూలోనే ఇచ్చాయి. స్కేలు –20 నుంచి +20 వరకు. గురి ముందుకు పడుతుంటే ప్లస్ వైపు, వెనక్కి పడుతుంటే మైనస్ వైపు జరపాలి. ఏ లెన్సు దిద్దుబాటు దానికే. అన్ని మోడళ్లలోనూ ఈ సదుపాయం ఉండదు.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. పెద్ద అక్షరాలున్న కాగితాన్ని అట్టకు అంటించి, కెమెరాకు ఎదురుగా నిటారుగా నిలబెట్టండి. పక్కన ఒక స్కేలును ఏటవాలుగా, దాని మధ్య గీత కాగితానికి సరిగ్గా సమంగా ఉండేట్టు పెట్టండి. దూరం ఫోకల్ లెంగ్తుకు 50 రెట్లు ఉంటే చాలు: 50 మి.మీ. లెన్సుకు రెండున్నర మీటర్లు. కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, మధ్య బిందువుతో కాగితం మీదనే ఫోకస్ చేసి, సెల్ఫ్ టైమరుతో తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేయిస్తూ పది ఫొటోలైనా తీయాలి. స్కేలు మీద ఏ అంకె స్పష్టంగా ఉందో చూడండి.

పదీ ఒకేవైపు తప్పితే దిద్దవచ్చు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పడుతుంటే మాత్రం ఏ అంకె పెట్టినా ప్రయోజనం లేదు. మొదటిది స్థిర దోషం, రెండోది చంచల దోషం. ల్యాబులో చదువుకున్నదే!

మిర్రర్‌లెస్ కెమెరాల్లో బొమ్మ పడే సెన్సారే ఫోకసూ చూస్తుంది కాబట్టి ఈ బెడద దాదాపు లేదు. ఐతే సెకండ్‌హాండ్ డి.ఎస్.ఎల్.ఆర్.లు విద్యార్థుల చేతుల్లో ఇంకా చాలానే ఉన్నాయి. లెన్సును అయినకాడికి అమ్ముకొనే ముందు ఒక సాయంత్రం ఈ పరీక్షకు కేటాయించండి. లోపం లెన్సుది కాదని తేలవచ్చు!